పరీక్షాపత్రమైన పర్యావరణము

మన కళాశాలలలో నేడు చరిత్ర చదువువాడును, వాణిజ్యశాస్త్రము చదువువాడును, యంత్రవిద్య నభ్యసించువాడును, తమ ప్రధాన పాఠ్యముతో సంబంధ మున్నను లేకున్నను, పట్టా పుచ్చుకొనుటకు ముందు పర్యావరణమను పత్రమొకటి వ్రాసి తీరవలెను. తక్కిన శాస్త్రములు విద్యాలయములలో అడుగుపెట్టిన త్రోవ వేరు. కొన్నింటిని ఆచార్యుల పాండిత్యము తెచ్చినది, కొన్నింటిని ఉద్యోగముల గిరాకి తెచ్చినది; దీనిని మాత్రము ఒక న్యాయవాది దాఖలుచేసిన పిటిషనుపై దేశములోని అత్యున్నత న్యాయస్థానము తెచ్చి తరగతిగదిలో కూర్చుండబెట్టెను. ఆ జన్మవృత్తాంతపు ముద్ర దానిపై నేటికిని చెరగలేదని నా అభిప్రాయము.

కథ స్వీడను దేశములో ఆరంభమైనది. 1972 జూన్ 5 మొదలు 16 వరకు స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణమును గూర్చి మహాసభ జరిపినపుడు, ఆతిథ్యమిచ్చిన ప్రధాని ఓలోఫ్ పామె గాక, అచటికి స్వయముగా వచ్చిన ప్రభుత్వాధినేత ఇందిరాగాంధి యొక్కరే. సభ ఆమోదించిన ఇరువదియారు సూత్రములలో పందొమ్మిదవది పిన్నలకును పెద్దలకును పర్యావరణవిద్య గరపుట అత్యావశ్యకమని చెప్పినది. అది ఎవరిని నిర్బంధింపజాలని వట్టి ప్రకటనయే. అయినను మన దేశమున దానికి విచిత్రముగా శాసనబలము చేకూరినది. 1976లో రాజ్యాంగపు నలుబదిరెండవ సవరణ 48-ఏ, 51-ఏ అధికరణముల ద్వారా ప్రకృతిరక్షణను రాజ్యమునకును పౌరునకును విధిగా జేసెను. అంతర్జాతీయ సభల నిర్ణయములను అమలుపరచుటకు పార్లమెంటు ఏ విషయముపైనైనను చట్టము చేయవచ్చునను 253వ అధికరణము నాధారము చేసికొని, 1981 నాటి వాయుకాలుష్య చట్టమును, భోపాలు ఘోరము జరిగిన పిమ్మట 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టమును పీఠికలలోనే స్టాక్‌హోం పేరు చెప్పుకొని పుట్టినవి. నేలయు నీరును రాష్ట్రముల యధికారములోనివి గదా యని శంకించువారికి సమాధానము ఆ పీఠికలలోనే యున్నది.

విద్య మాటకు వత్తును. 1977 అక్టోబరులో జార్జియాలోని ట్బిలిసీ నగరమున యునెస్కో నడపిన సభ, పర్యావరణవిద్య ప్రత్యేకముగా ఒక మూల నుండవలసిన పాఠముగాక, సకల శాస్త్రములలోను వ్యాపించి, బడిలోను బడివెలుపలను జీవితాంతము సాగవలసినదని నిర్ణయించెను. మనకు ఆ సలహా అందినను, అది ఆచరణలోనికి వచ్చిన రూపము వేరు. గంగా కాలుష్యము, తాజ్‌మహలు వ్యవహారములలో పేరుపొందిన న్యాయవాది ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యముపై 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఆట మొదలుకాకముందు సినిమాహాళ్లలో పర్యావరణమును గూర్చిన స్లైడులు రెండేసి ఉచితముగా చూపవలెననియు, అట్లు చూపుట లైసెన్సునకు షరతు కావలెననియు, ఆకాశవాణియు దూరదర్శనును దినమునకు కొన్ని నిమిషములు ఇందుకు కేటాయింపవలెననియు, కళాశాలలలో దీనిని నిర్బంధ పాఠ్యము చేయు విషయమును విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆలోచింపవలెననియు ఆదేశించెను. పల్లీల పొట్లము విప్పుకొనుచు, హీరోగారి బొమ్మ కొరకు ఎదురుచూచు ప్రేక్షకునికి తెరపై ఒక క్షణము చెట్టు కనబడి మాయమగుట తీర్పు ననుసరించియే జరిగినదని తెలిసియుండదు.

ఇంతకు ఏడాది ముందు, 1990 అక్టోబరులో, ఫ్రాన్సు దేశపు తల్వార్ గ్రామమున టఫ్ట్స్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు జాన్ మేయరు పిలుపుపై ఇరువదియిద్దరు విశ్వవిద్యాలయాధిపతులు గుమిగూడి, తమ విద్యాసంస్థలను పర్యావరణహితముగా నడపుకొందుమని ఒడంబడిక వ్రాసికొనిరి. అచట స్వచ్ఛంద సంతకము, ఇచట న్యాయస్థానపు ఉత్తరువు. సంతకమును తప్పినవారిని శిక్షించు వారు లేరు. ఉత్తరువు వెనుక న్యాయాధికారముండియు అది పండ్రెండేండ్లు ఫైళ్లలో నిదురించెను. మెహతా మరల తలుపు తట్టగా 2003 డిసెంబరులో న్యాయస్థానము గట్టిగా ఆదేశించుటయు, ఎరచ్ భరూచా అధ్యక్షతను ఏర్పడిన నిపుణుల సంఘము పాఠ్యప్రణాళిక సిద్ధపరచుటయు, 2004-05 విద్యాసంవత్సరమునుండి పత్రము దేశమంతట మొదలగుటయు వరుసగా జరిగినవి.

ఆ ప్రణాళికను తెరచి చూచినవారికి దానిని కూర్చినవారి సదుద్దేశము తెలియక మానదు. యేబది పీరియడ్లు, ఎనిమిది యూనిట్లు, ఎనిమిదవది క్షేత్రపర్యటన. విద్యార్థి ఒక చెరువునో, కొండనో, కాలుష్యము సోకిన స్థలమునో స్వయముగా చూచి, అచటి మొక్కలను, పురుగులను, పక్షులను గుర్తించి వ్రాసికొనవలెను. నూరు మార్కులలో ఇరువదియైదు చిన్న ప్రశ్నలకు, యేబది వ్యాసములకు, తక్కిన ఇరువదియైదును క్షేత్రపర్యటనకు. ఈ చివరి పాలే పత్రమునకు ప్రాణమని నేను తలంతును. కాని కళాశాలలు బస్సు లేదనియు, సిలబసు పూర్తికాలేదనియు సాకులు చెప్పగా, పై తరగతివాని రికార్డునుండి ఆహారశృంఖలపు బొమ్మ దించుకొని, గడ్డి పచ్చగను కప్ప అంతకంటె పచ్చగను రంగులద్ది, సంతకము చేయించుకొనుట చాలచోట్ల పర్యటనకు బదులైనది. పరీక్షకు ముందురాత్రి ఆల్ ఇన్ వన్ గైడు కొని 'ఇంపార్టెంట్' ప్రశ్నలు పది వల్లించినచో పత్రము గట్టెక్కును. నిర్బంధ పాఠ్యమనగా ప్రతి విద్యార్థియు కొనక తప్పని పుస్తకమని ప్రచురణకర్తలు న్యాయమూర్తులకంటె త్వరగా గ్రహించిరి.

ఆ గైడ్లలో 'ముందుజాగ్రత్త సూత్రము' అను శీర్షిక క్రింద నాలుగు పంక్తులుండును. రియో పర్యావరణ మహాసభ ప్రకటనలోని పదునైదవ సూత్రమది. మన న్యాయశాస్త్రములో దానికి విపులమైన వ్యాఖ్యానము లభించినది హైదరాబాదు త్రాగునీటి వ్యవహారముననే. మూసీకి 1908లో వచ్చిన ప్రళయము పిదప కట్టిన ఉస్మాన్‌సాగరు (గండిపేట చెరువు), హిమాయత్‌సాగరుల చుట్టు పది కిలోమీటర్లలోపల కాలుష్యకారక పరిశ్రమలు కూడవని 1996లో 111వ నంబరు జీవో వెలువడియుండగా, పెద్దషాపూరు గ్రామమున ఒక నూనెల కర్మాగారము అనుమతి కోరెను. కాలుష్య నియంత్రణమండలి కాదన్నది, అప్పీలు అధికారి అవునన్నాడు. వివాదము సుప్రీంకోర్టు చేరగా, తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు 1999 జనవరి 27 నాటి తీర్పులో, హాని కలుగదని నిరూపించు భారము ప్రకృతిని మార్పదలచినవానిదే గాని, వలదనువానిది కాదని విశదపరచిరి. గండిపేట నీరు త్రాగి పెరిగిన విద్యార్థికి ఈ కథ చెప్పి, కట్టపైకి నడిపించుకొనిపోయినచో ఎనిమిదవ యూనిటు ఒక్క పూటలో పూర్తియగును.

ఇపుడు విశ్వవిద్యాలయములకే పరీక్షలు వచ్చినవి. 2015లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన పదునేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యముల ననుసరించి లండనులోని టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ పత్రిక 2019 మొదలు ర్యాంకులిచ్చుచున్నది. విదేశీ విద్యార్థిని, వానితోడి ఫీజును ఆకర్షింపదలచిన సంస్థలు ఈ ర్యాంకులకై పోటీపడుచున్నవి. మొత్తపు ర్యాంకు కోరు సంస్థ పదునేడవ లక్ష్యముతోబాటు మరి మూడింటికైనను సాక్ష్యములు పంపవలెను; ఆ మూడు ఏవో ఎన్నుకొనుట సంస్థ యిష్టము. చాయిస్‌లో వచ్చిన ప్రశ్నలు వ్రాసి రానివి వదలిపెట్టు వెసులుబాటు విద్యార్థికి వలెనే వైస్ ఛాన్సలరుగారికిని సంప్రాప్తించినది.