కానుగ గింజలకు వాషింగ్టన్ చెక్కు

కార్బన్ క్రెడిట్లంటే ఏందన్నా అని అడుగుతున్నారు కదా. ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు. మన తెలుగు గూడెం ఒకటి 2003లోనే అమ్మింది.

అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ. ఆదివాసీలు ఉండే చిన్న ఊరు. అక్కడి మహిళా సంఘం వాళ్లు కానుగ మొక్కలు పెంచారు, గింజలు ఆడించి నూనె తీశారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుద్దని లెక్క కట్టారు. ప్రపంచ బ్యాంకు దాన్ని 645 డాలర్లకు కొన్నది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకి జనం విమానాల్లో వచ్చిన పొగకి అది పరిహారమన్నమాట. టన్నుకి అప్పట్లో సుమారు 200 రూపాయలు. టన్ను మిరపకాయలతో పోల్చుకోకండి, నవ్వొస్తది! చూడాల్సింది ఏందంటే, కొన్నది చెట్టుని కాదు, కాలకుండా మిగిలిన డీజిల్‌ని.

అప్పుడు ఆ బ్యాంకు ఇష్టపడి కొన్నది, చట్టం ఏమీ లేదు. ఇప్పుడట్లా కాదు. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకం తెచ్చింది, 2025లో సిమెంటుకి లక్ష్యాలు పెట్టింది. టన్ను సరుకుకి ఇంత పొగే అని హద్దు. దాటినోడు క్రెడిట్లు కొనాలి, తగ్గించినోడు అమ్ముకోవచ్చు. పొగకి ఖరీదు పడితేనే గదా యజమాని బొగ్గు లెక్క చూసుకునేది. మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్న మనకి ఇది దూరపు సంగతేం కాదు.

రేపు మీ చేలో కార్బన్ ఉంది, సంతకం పెట్టమని ఎవరన్నా వస్తే టన్నుకి ఎంత, ఎన్నేళ్లు, కొలిచేదెవరు, చెక్కు ఎవరి పేరున వస్తది అని అడగండి. పవర్‌గూడలో చెక్కు అందుకున్నది ఆ ఆడవాళ్లే.