ఏడంగుళాల రోష్నీ

మగ్రిబ్ తర్వాత దర్శి నుంచి పొదిలి రోడ్డెక్కితే, మా పాత అంబాసిడర్ వెలుగులో గేదె కూడా ఆఖరి క్షణంలోనే కనిపించేది. ఆ గుండ్రటి ఏడంగుళాల దీపం 1940 మోడళ్లతో అమెరికా ఖాయం చేసిన కొలత. 'సీల్డ్ బీమ్' అంటే అద్దం, రిఫ్లెక్టరు, తీగ అన్నీ ఒకే ముద్ద. తీగ తెగితే మొత్తం పారేయాల్సిందే. 1971లో యూరప్‌లో వచ్చిన హెచ్4 హాలోజన్‌కైతే బల్బొక్కటి మారిస్తే సరిపోయేది. కొలత మారలేదు కాబట్టే అబ్బా ఇంటిముందు చాప పరచుకుని, స్క్రూడ్రైవరుతో పాత దీపం ఊడదీసి హాలోజన్‌ది బిగించగలిగారు. మిస్త్రీ నసీహత్ ఒక్కటే: బల్బు గాజుకు వేలు తగలొద్దు, జిడ్డు అంటినచోట ఎక్కువ వేడెక్కి తొందరగా పోతుంది. 60/55 వాట్లు దాటితే పాత వైరింగు మీద జుల్మే. (ఇప్పటి తెల్లటి ఎల్‌ఈడీల కన్నా నాకు ఆ పసుపు వెలుగే ఇష్టం, ఎదుటివాడి కళ్ల మీద కాస్త రహమ్ ఉండేది.) ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఏడంగుళాల దీపం మాత్రం జీపుల పుణ్యమా అని ఇంకా దొరుకుతోంది.