అంకెకూ చార్టుకూ మధ్య లంకె

స్ప్రెడ్‌షీటులోని అంకెల నుంచి గీసిన చార్టు ప్రెజెంటేషను స్లైడులో కనిపిస్తూ, ఆ అంకెలు మాత్రం తమ సొంత ఫైలులోనే ఉండిపోయే ఏర్పాటును లింకు చేసిన చార్టు అంటారు. షీటులో అంకె మారితే స్లైడులోని గీత కూడా మారాలన్నది దీని ఉద్దేశం. ఈ రెండు ఫైళ్లూ పదిమంది పంచుకునే క్లౌడు డ్రైవులోకి చేరినప్పటి నుంచి, చార్టు పాత అంకెలనే చూపడం, మూలమైన ఫైలు దొరకడం లేదన్న సందేశం రావడం, ఒకరి కంప్యూటరులో చక్కగా పనిచేసిన లంకె పక్కవారి కంప్యూటరులో తెగిపోవడం కార్యాలయాలకు నిత్యానుభవమయ్యాయి. వీటిని క్లౌడు తెచ్చిపెట్టిన చిక్కులుగా భావించడం పరిపాటే కాని, వీటిలో చాలావాటి వయస్సు క్లౌడు వయస్సు కంటే ఎక్కువ. లంకెను ఫైలుకే కట్టాలా, ఫైలు ఉన్న చోటుకు కట్టాలా అన్న ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ నిర్మాతలు నలభై ఏళ్లుగా ఇస్తూ వచ్చిన సమాధానాల్లోనే ఈ లోపాల మూలం ఉంది.

చార్టుకూ అంకెల పట్టికకూ మధ్య ఎడం ఆది నుంచీ ఉన్నదే. 1786లో లండనులో వెలువడిన ‘కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్’లో విలియం ప్లేఫెయిర్ దేశాల మధ్య వాణిజ్యాన్ని గీతలుగా మలచి రాగిరేకులపై చెక్కించిన నాడు, ఒక సంఖ్య మారితే రేకును మళ్లీ చెక్కవలసిందే. కంప్యూటరు వచ్చాక కూడా ఈ స్థితి వెంటనే మారలేదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కోసం తయారుచేసిన విజికాల్క్‌లో ఒక అంకె మార్చగానే దానిపై ఆధారపడిన అంకెలన్నీ వాటంతట అవే మారేవి కాని, అందులో నేటి అర్థంలో చార్టులు లేవు. మిచ్ కాపోర్ రాసిన విజిప్లాట్ ఆ లోటు తీర్చింది. అయితే విజికాల్క్ అంకెలను ముందు ‘డిఫ్’ అనే మార్పిడి ఫైలులోకి రాసి, ఆ ఫైలును విజిప్లాట్‌లో తెరవాలి. అంకె మారితే ఈ తతంగమంతా మళ్లీ మొదలు.

కాపోర్ స్థాపించిన లోటస్ సంస్థ 1983 జనవరిలో విడుదల చేసిన 1-2-3 ఈ ఎడాన్ని సగం పూడ్చింది. షీటూ చార్టూ ఒకే ప్రోగ్రాములో ఉండటం వల్ల అంకె మార్చి ఎఫ్ 10 మీట నొక్కితే మారిన గీత తెరపై కనిపించేది. ఆ గీత కాగితం మీదికి రావాలంటే మాత్రం దాన్ని ‘పిక్’ అనే చిత్రం ఫైలుగా భద్రపరచి, ప్రింట్‌గ్రాఫ్ అనే వేరే ప్రోగ్రాముతో అచ్చు వేయాలి. భద్రపరచిన క్షణం నుంచి ఆ ఫైలుకు షీటుతో సంబంధం ఉండదు. ప్రోగ్రాము గడప దాటని చార్టు సజీవంగా ఉంటుంది, దాటినది ఆనాటి ఛాయాచిత్రంగా మిగిలిపోతుంది అన్న ఈ భేదం తరువాతి చరిత్రకంతటికీ మూలం.

1985లో మైక్రోసాఫ్ట్ మెకింటాష్ కోసం ఎక్సెల్‌ను తెచ్చింది. 1987లో అదే యంత్రం కోసం ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థ పవర్‌పాయింట్‌ను విడుదల చేసింది. రాబర్ట్ గాస్కిన్స్ ఊహించగా డెన్నిస్ ఆస్టిన్, టామ్ రడ్‌కిన్ నిర్మించిన ఈ ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ ఆ ఏడాదే సంస్థతో సహా 1.4 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. అంకెలవారి పరికరమూ ఉపన్యాసకుల పరికరమూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చినా, వాటి మధ్య వంతెన ఇంకా క్లిప్‌బోర్డు ఒక్కటే; కాపీ చేసి అతికించిన చార్టు బొమ్మ మాత్రమే.

ఆ ఏడాదే విండోస్ 2.0తో పాటు ‘డైనమిక్ డేటా ఎక్స్ఛేంజ్’ అనే సంభాషణ పద్ధతి వచ్చింది. ఇందులో ఒక ప్రోగ్రాము మరొకదాన్ని మూడు పేర్లతో పలకరిస్తుంది: ఏ ప్రోగ్రాము, ఏ ఫైలు, ఆ ఫైలులో ఏ అంశం. అడిగినప్పుడే అంకె అందితే చల్లని లంకె, అంకె మారిందన్న కబురు మాత్రమే వస్తే గోరువెచ్చని లంకె, మారిన ప్రతిసారీ అంకె తనంతట తానే వచ్చి చేరితే వేడి లంకె అని దీని పరిభాష. సంభాషణ సాగాలంటే రెండు ప్రోగ్రాములూ నడుస్తూ ఉండాలి. ఒకటి మూతపడితే మాట ఆగిపోతుంది. ఎక్సెల్ ఫైలు కూడా తెరిచి ఉన్నప్పుడు వెంటనే మారే చార్టు, మూసి ఉన్నప్పుడు మొండికేయడం నేటి కార్యాలయాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి, రెండు ఫైళ్లనూ ఒకేసారి తెరిచి చూడమనే సలహాకు ఇప్పటికీ విలువ ఉంది.

1990లో వెలువడిన ‘ఆబ్జెక్ట్ లింకింగ్ అండ్ ఎంబెడింగ్’, సంక్షిప్తంగా ఓఎల్ఈ, ఈ చర్చను మరో మెట్టు పైకి తీసుకువెళ్లింది. ఇది రెండు మార్గాలను స్పష్టంగా వేరుచేసింది: మూలాన్ని పూర్తిగా స్లైడు ఫైలులోనే పొదగడం ఒకటి, మూలం ఎక్కడుందో చెప్పే గుర్తును మాత్రమే దాచుకొని బొమ్మను పైకి చూపడం రెండవది. 1993లో వచ్చిన రెండవ కూర్పులో ఆ గుర్తుకు మోనికర్ అని పేరు పెట్టారు; ఫైలును వెదకి పట్టుకోవడానికి కావలసిన వివరాలను మోసే చిన్న సాఫ్ట్‌వేర్ వస్తువు అది. ఈ కూర్పును రూపొందించినవారి దూరదృష్టి ఇక్కడ తెలుస్తుంది. లంకె తనలో రెండు ఆచూకీలు దాచుకునేది: డ్రైవు పేరుతో మొదలయ్యే పూర్తి చిరునామా ఒకటి, స్లైడు ఫైలు ఉన్న చోటు నుంచి మూలానికి దారి చెప్పే సాపేక్ష చిరునామా ఒకటి. ముందు సాపేక్ష చిరునామాతో వెదకి, దొరకకపోతేనే పూర్తి చిరునామాను ఆశ్రయించడం నియమం. రెండు ఫైళ్లనూ ఒకే ఫోల్డరులో ఉంచి ఫోల్డరునే తరలిస్తే లంకె నిలిచేందుకు వీలు కల్పించింది ఈ నియమమే. సాపేక్షమైనా పూర్తిదైనా, రెండూ చోటుకు సంబంధించిన ఆచూకీలే అన్నది మాత్రం గమనించాలి.

ఇంకో దారి లేకపోలేదు. ఆపిల్ 1991లో సిస్టం 7తో తెచ్చిన ‘పబ్లిష్ అండ్ సబ్‌స్క్రైబ్’లో షీటు తన భాగాన్ని ఎడిషన్ అనే మధ్యవర్తి ఫైలులోకి ప్రచురిస్తే, స్లైడు ఆ ఫైలుకు చందాదారు అయ్యేది. ఆ మధ్యవర్తిని గుర్తించడంలో పేరుతో పాటు డిస్కు తానే ఇచ్చే ఫైలు సంఖ్య కూడా తోడ్పడటం వల్ల, ఒకే డిస్కులో ఫైలు ఫోల్డరు మారినా, పేరు మారినా లంకె దాన్ని కనిపెట్టగలిగేది. చోటుకు గాక ఫైలుకే కట్టిన లంకె ఇది. మూడవ ఫైలును నిర్వహించే శ్రమ వాడుకరులకు నచ్చలేదు, ఇతర యంత్రాలతో పొత్తు కుదరలేదు. ఆపిల్ తరువాతి వ్యవస్థ దీన్ని కొనసాగించలేదు. ఈ ఓటమి విచారించదగినది, ఎందుకంటే ఇందులోని సూత్రం మళ్లీ విస్తృతంగా వాడుకలోకి రావడానికి పాతికేళ్లు పట్టింది.

విండోస్ ప్రపంచంలో చోటును చెప్పే భాష మాత్రం ఇంకా పాతది. డ్రైవుకు ఒక అక్షరం పెట్టే ఆచారం గ్యారీ కిల్డాల్ 1974లో రాసిన సీపీ/ఎం నుంచి 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌కూ, దాని నుంచి విండోస్‌కూ సంక్రమించింది. ఒంటరి యంత్రం కోసం పుట్టిన ఆ అక్షరాలను నెట్‌వర్కు కాలంలో దూరాన ఉన్న సర్వరు ఫోల్డరుకూ తగిలించారు. ఒకే ఫోల్డరు ఒక ఉద్యోగికి ‘ఎఫ్’ డ్రైవుగా, మరొకరికి ‘ఎస్’ డ్రైవుగా కనిపించవచ్చు. మొదటివారు కట్టిన లంకెలో ‘ఎఫ్’ ఉంటుంది, రెండవవారి యంత్రానికి అది తెలియని చోటు. సర్వరు పేరుతోనే చిరునామా రాస్తే ఈ చిక్కు తప్పుతుంది కాని, సర్వరు మార్చిన రోజున ఆ లంకెలన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి.

2007 నాటి ఆఫీస్ కూర్పు చార్టుల నిర్మాణాన్నే మార్చింది. అంతవరకు పవర్‌పాయింట్‌లో చార్టులు గీసిన గ్రాఫ్ అనే చిన్న ప్రోగ్రాము స్థానంలో ఎక్సెల్ చార్టులే వచ్చాయి. ఫైళ్లు జిప్ పొట్లాలుగా, లోపల ఎక్స్ఎంఎల్ పాఠంగా భద్రమయ్యే పద్ధతి మొదలైంది. ఈ పద్ధతిలో లింకు చేసిన ప్రతి చార్టుకూ మూడు విషయాలు నమోదవుతాయి: మూలం ఫైలు చిరునామా, అందులోని షీటు పేరూ గడుల పరిధీ, చివరిసారి చదివినప్పుడు ఆ గడుల్లో ఉన్న అంకెలు. చిరునామా సాధారణంగా డ్రైవుతో మొదలయ్యే పూర్తి రూపంలోనే ఉంటుంది. ఓఎల్ఈ సాపేక్ష ఆచూకీ ఇచ్చిన ఊరట ఇక్కడ తగ్గింది. ప్రెజెంటేషను మూసి ఉన్న వేళ షీటులో కొత్త వరుసలు చేర్చితే, చార్టు దగ్గర నమోదైన పరిధి పాత గడులనే పట్టుకొని ఉంటుంది; షీటు పేరు మార్చితే పరిధికి అర్థమే పోతుంది.

మూడవ అంశమైన నిల్వ అంకెల సంగతి మరింత తీవ్రమైనది. మూలం అందకపోయినా చార్టు ఖాళీ కాకుండా నిల్వ అంకెలతోనే గీత గీసుకొని నిలబడుతుంది. సభ మధ్యలో తెల్లని పెట్టె కనిపించే అవమానం తప్పించడానికి చేసిన ఈ ఏర్పాటు వాడుకరికి మేలే చేసింది. అయితే లంకె తెగిన విషయాన్ని స్లైడు పైకి చెప్పదు. నిన్నటి అంకెకూ నిరుటి అంకెకూ రంగులో గాని రూపంలో గాని తేడా ఉండదు. ఈ చరిత్రలోని లోపాలన్నింటిలో అత్యంత హానికరమైనది ఇదే: తెగిన లంకె ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, మౌనంగా పాతబడిన అంకె మాత్రం నిర్ణయాలను నడిపిస్తుంది.

భద్రత అనే కొత్త చింత ఈ చరిత్రలోకి 1999లో మెలిస్సా వైరసు తరువాత బలంగా ప్రవేశించింది. బయటి ఫైలును తనంతట తాను తెరిచే ఏ పత్రమైనా అనుమానాస్పదమైంది. లంకెలను తాజా చేయాలా అని పవర్‌పాయింట్ అడగడం, 2010 కూర్పు నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లను రక్షిత వీక్షణ అనే చదువుకు మాత్రమే పరిమితమైన స్థితిలో తెరవడం ఆ జాగ్రత్త ఫలితాలే. పాత డైనమిక్ డేటా ఎక్స్ఛేంజ్‌ను దుండగులు ఆయుధంగా వాడటంతో 2017 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో దాన్ని నిలిపివేసింది. తాజా చేయాలా అన్న ప్రశ్నను అలవాటుగా తోసిపుచ్చిన వాడుకరి పాత అంకెలతోనే సభకు వెళతాడు. హెచ్చరిక తన పని తాను చేసింది కాబట్టి లోపం ఎక్కడుందో వెదికినా దొరకదు.

క్లౌడు డ్రైవులు ఈ వారసత్వం మీదికే వచ్చి చేరాయి. 2007లో స్కైడ్రైవ్‌గా మొదలై 2014లో వన్‌డ్రైవ్‌గా పేరు మారిన సేవ గాని, 2008లో ప్రజలకు అందిన డ్రాప్‌బాక్స్ గాని, 2012 నాటి గూగుల్ డ్రైవ్ గాని దూరాన ఉన్న నిల్వను కంప్యూటరులోని సాధారణ ఫోల్డరుగా కనిపించేలా చేశాయి. సౌలభ్యమంతా ఆ కనికట్టులోనే ఉంది, చిక్కంతా అందులోనే ఉంది. సింకు అయిన ఫోల్డరుకు రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి సి డ్రైవులో వాడుకరి పేరుతో సాగేది, రెండవది వెబ్ చిరునామా. లంకె మొదటి రూపంలో నమోదైతే, అందులో ఒకరి పేరు ఉన్నందువల్ల తోటి ఉద్యోగి యంత్రంలో అది చెల్లదు; రెండవ రూపంలో నమోదైతే, లాగిన్ అయి అనుమతి పొందినవారికే అందుతుంది. 2017లో వన్‌డ్రైవ్‌కు వచ్చిన మరో సదుపాయం ఫైలు పేరును మాత్రమే చూపి, అసలు ఫైలును అవసరమైనప్పుడే దించుకుంటుంది. ఇంటర్నెట్ లేని సభాస్థలిలో పేరు కనిపిస్తుంది, అంకె రాదు.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి ఇక్కడ అదనపు భారం ఉంది. విండోస్ పాత నియమం ప్రకారం ఫైలు పూర్తి చిరునామా 260 అక్షరాలకు లోబడాలి, ఎక్సెల్ హద్దు 218 మాత్రమే. వెబ్ చిరునామాగా మారినప్పుడు తెలుగు లిపిలోని ఒక్కొక్క యూనికోడ్ గుర్తు మూడు బైట్లుగా, ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా, మొత్తం తొమ్మిది అక్షరాలుగా విస్తరిస్తుంది. గుణింతపు గుర్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి ‘జీతాలు’ అనే చిన్న పేరే ఆరు గుర్తులై 54 అక్షరాలకు పెరుగుతుంది. తప్పు తెలుగు పేరుది కాదు. పొడవైన ఫోల్డరు వరుసలను కుదించడమే మేలు.

చోటుకు బదులు ఫైలుకే లంకె కట్టే సూత్రాన్ని గూగుల్ తన పద్ధతిలో తిరిగి తెచ్చింది. అక్కడ ప్రతి ఫైలుకూ పుట్టుకతో ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. పేరు మార్చినా, ఫోల్డరు మార్చినా అది మారదు. 2016 నుంచి గూగుల్ షీట్స్ చార్టును స్లైడ్స్‌లో లంకెతో అతికించి, తాజా చేసే బటను నొక్కి మార్పును తెచ్చుకోవచ్చు. తరలింపులో తెగని ఈ లంకె నకలు దగ్గర మోసపోతుంది: స్లైడులనూ షీటునూ కొత్త ఏడాది కోసం విడివిడిగా నకలు తీస్తే, కొత్త స్లైడులు పాత షీటునే చూస్తూ ఉంటాయి. షీటుపై అనుమతి లేని సహోద్యోగికి చార్టు కనిపిస్తుంది కాని దాన్ని తాజా చేసే అధికారం ఉండదు.

లోపాన్ని వెదకే క్రమం ఈ చరిత్రనే అనుసరించడం సహజం. పవర్‌పాయింట్‌లో ఫైలు మెనూలోని సమాచారం పుట నుంచి లంకెల జాబితా తెరిచి, చిరునామా ఎవరి యంత్రానిదో, ఏ రూపంలో ఉందో ముందు చదవాలి. ఆ చిరునామాను ప్రస్తుత వాడుకరి తన అనుమతితో నేరుగా తెరవగలడో లేదో తరువాత పరీక్షించాలి. తాజా అయ్యే తీరు స్వయంచాలకమా, చేతితో చేయవలసిందా అన్నది ఆ పిమ్మటి ప్రశ్న. మూలం మారితే అదే జాబితాలో కొత్త చోటు చూపవచ్చు. పొదిగిన చార్టుకు మారడం పరిష్కారంగా తోచినా, ఎక్సెల్ నుంచి అలా అతికించినప్పుడు చార్టు వెంట వర్క్‌బుక్ మొత్తం స్లైడు ఫైలులోకి వచ్చేస్తుందని, అందులో జీతాల షీటు ఉంటే అది కూడా బయటివారి చేతికి చేరుతుందని గుర్తించడం అత్యవసరం.

పాత ప్రెజెంటేషన్లను దస్తావేజులుగా చదవవలసిన వారికి 2007 నాటి నిర్మాణం మరో విధంగా ఉపకరిస్తుంది. పీపీటీఎక్స్ ఫైలు నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పితే, చార్టుల ఫోల్డరులో ప్రతి చార్టు నిల్వ అంకెలూ, దాని పక్కనున్న సంబంధాల ఫైలులో మూలం చిరునామా సాధారణ పాఠంగానే కనిపిస్తాయి. ఆ చిరునామాలోని సర్వరు తొలగిపోయి, ఆ డ్రైవు అక్షరం ఎవరికీ గుర్తులేకపోయినా, చార్టు ఏ ఫైలులోని ఏ షీటులో ఏ గడుల నుంచి పుట్టిందో, చివరిసారి చదివినప్పుడు ఆ గడుల్లో ఏ అంకెలున్నాయో అక్కడ చదువుకోవచ్చు.