చల్లదనం ఎక్కడిది? ఈథరు నుంచి అమ్మోనియా దాకా



సూది వేసేముందు చేతికి స్పిరిట్టు రాస్తే చల్లగా ఉంటుంది. సీసాలోని స్పిరిట్టు మాత్రం గదిలో ఉన్న తక్కిన వస్తువులంత వేడిగానే ఉంటుంది. మరి ఆ చల్లదనం ఎక్కడిది? ఈ ప్రశ్న నుంచే నేటి శీతల గిడ్డంగి పుట్టింది.

స్కాట్లండులో విలియం కల్లెన్ అనే ఆచార్యుడు ఈథరు పాత్రను నీళ్లలో ఉంచి, పైన గాలిని పంపుతో తోడేశాడు. ఈథరు మరిగింది, చుట్టూ ఉన్న నీళ్లు మాత్రం గడ్డకట్టాయి! 1756లో ఈ సంగతి ప్రకటించాడు. 1758లో కేంబ్రిడ్జిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ హాడ్లీ కలిసి థర్మామీటరు బుడ్డిని ఈథరుతో తడుపుతూ, తిత్తితో గాలి ఊదారు. సుమారు 18 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గరున్న పాదరసం సున్నాకు దిగువన 14 దాకా పడిపోయింది. బుడ్డి చుట్టూ మంచు పేరుకుంది.

కారణం ఇది. ద్రవంలోని అణువులన్నీ ఒకే జోరుమీద ఉండవు. జోరైనవి ఎగిరిపోతాయి, నెమ్మదివి మిగులుతాయి. జోరు తగ్గడమంటే వేడి తగ్గడమే. ఆవిరి కావడానికి పట్టే ఈ వేడిని 1760లలో కల్లెన్ శిష్యుడు జోసెఫ్ బ్లాక్ లెక్కకట్టాడు. దానినే గుప్తోష్ణం అంటారు.

ఈథరు నీటికంటే ఎక్కువ వేడి లాగుతుందనుకునేరు. కాదు. మరిగేచోట గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీలు కావాలి. ఈథరుకు 100 కూడా అక్కరలేదు. కాని నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే, ఈథరు 35 దగ్గరే మరుగుతుంది. దాని అణువుల పట్టు సడలు. నీరు పెద్ద బండి, ఎప్పుడో ఒకటి కదులుతుంది. ఈథరు చిన్న బండి, కాని వరసగా బయలుదేరుతూనే ఉంటుంది. అందుకే ఇట్టే చల్లబడుతుంది.

పోయిన ఈథరును తిరిగి పట్టేదెలా? ఆవిరిని పంపుతో నొక్కి, దాని వేడిని బయటికి వదిలించి, మళ్ళీ ద్రవం చేసే యంత్రానికి 1834లో ఇంగ్లండులో జేకబ్ పెర్కిన్స్ పేటెంటు పొందాడు. 1850లలో ఆస్ట్రేలియాలోని జీలాంగులో జేమ్స్ హారిసన్ అలాంటి యంత్రంతో మంచు తయారుచేశాడు. అయితే ఈథరు భగ్గున అంటుకునే వస్తువు. 1870లలో జర్మనీలో కార్ల్ లిండే అమ్మోనియాను వాడాడు. అది సున్నాకు 33 డిగ్రీల దిగువనే మరుగుతుంది, గ్రాముకు 300 కేలరీలకు పైగా లాగుతుంది. పెద్ద బండే, పైగా పరుగు!

గుంటూరు మిర్చిని దాచే శీతల గిడ్డంగుల వంటి వాటిలో నేటికీ చాలాచోట్ల పనిచేసేది ఈ అమ్మోనియానే. ఒక జాగ్రత్త: ఘాటైన వాసన కొట్టి కళ్ళు మండితే, సరుకు సంగతి చూద్దామని లోపలికి పోకండి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని, గాలివాలుకు అడ్డంగా దూరం జరగండి.

గిడ్డంగి అందుబాటులో లేని కూరగాయల రైతుకు నీరే దిక్కు. రెండు వరసల ఇటుక గోడల నడుమ ఇసుక పోసి, దానిని తడిపి ఉంచే గదిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించింది. దానికి కరెంటు అక్కరలేదు. పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. వానాకాలపు ముసురులో తడి ఆరదు కనుక చల్లదనమూ తక్కువే. గదిని నీడన, గాలి ఆడేచోట కట్టుకోండి. సెలవు.