బడిలో సీటు రాలేదా? ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో ఎవరికి అప్పీలు చేయాలి

చక్రధర్‌పూర్ నుంచో, ఆద్రా నుంచో ఖరగ్‌పూర్‌కు బదిలీ అయి న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో దిగిన రైల్వే ఉద్యోగికి మొదట ఎదురయ్యే చిక్కు పిల్లల బడి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ బడుల్లో చదువుల ఏడాది జనవరిలో మొదలవుతుంది. కేంద్రీయ విద్యాలయాల్లో ఏప్రిల్‌లో మొదలవుతుంది. జూన్‌లో బదిలీ అయిన కుటుంబానికి రెండు చోట్లా ‘సీట్లు అయిపోయాయి’ అన్న మాటే వినిపించవచ్చు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. నిజానికి ఆ మాట తర్వాత వెళ్లడానికి దారులున్నాయి. ఏ దారి పట్టాలన్నది బడి ఎవరిది, పిల్లల వయసెంత అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

14 ఏళ్ల లోపు వారికి చట్టం ఏం ఇస్తుంది?

2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అంటే 8వ తరగతి వరకు, ఇంటికి దగ్గరలోని బడిలో ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. అయితే ఇది బడిలో చేరే హక్కే తప్ప కోరుకున్న బడిలోనే చేరే హక్కు కాదు. అప్పీలు రాసే ముందే ఈ తేడా తెలుసుకోవాలి.

ఈ చట్టంలో తల్లిదండ్రులకు పనికొచ్చే సెక్షన్లు ఇవి:

- సెక్షన్ 5: టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ప్రవేశం ఆపకూడదు.
- సెక్షన్ 13: పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి వడపోయకూడదు. లాటరీ తీయవచ్చు.
- సెక్షన్ 14: వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు.
- సెక్షన్ 15: గడువు దాటిందని ప్రవేశం నిరాకరించకూడదు. ఏడాది మధ్యలో వచ్చేవారికి ఇదే ముఖ్యం.

ఫిర్యాదు ఎక్కడ?

సెక్షన్ 32 ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా స్థానిక అధికార సంస్థకు ఇవ్వాలి. స్థానిక సంస్థ అంటే మున్సిపాలిటీ ఒక్కటే కాదు, ఆ బడిపై పాలనాధికారం ఉన్న అధికారి కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. రాష్ట్ర ప్రభుత్వ హైస్కూలు విషయమైతే మేదినీపూర్‌లోని జిల్లా స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు, అంటే ‘డీఐ ఆఫీసు’కు, కాపీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. చివరి మెట్టు కలకత్తా హైకోర్టులో రిట్.

కేంద్రీయ విద్యాలయం దారి వేరు

రైల్వే ఉద్యోగులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు కాబట్టి వారి పిల్లలది మొదటి ప్రాధాన్య కేటగిరీ. ఆ కేటగిరీలో గత 7 ఏళ్లలో జరిగిన బదిలీల సంఖ్యను బట్టి వరుస నిర్ణయిస్తారు. 2వ తరగతి నుంచి ఖాళీలుంటేనే ప్రవేశం. బయటి బడి నుంచి 9వ తరగతిలో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంపీ కోటా 2022లో రద్దయింది కనుక సిఫార్సు లేఖల కోసం తిరగడం వృథా.

ఇక్కడ గెలవగలిగే అప్పీళ్లు ఎక్కువగా లెక్క తప్పిన చోటే ఉంటాయి: కేటగిరీ తప్పుగా వేయడం, బదిలీలు తక్కువగా లెక్కించడం, వెయిటింగ్ లిస్టులో వెనక ఉన్నవారికి ముందు సీటు ఇవ్వడం. మొదట ప్రిన్సిపాల్‌కు, తర్వాత కోల్‌కతా ప్రాంతీయ కార్యాలయానికి రాయాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. బదిలీ ఉత్తర్వుల కాపీలు తప్పక జత చేయాలి.

తెలుగు మాటేమిటి?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఇక్కడ తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. కానీ ఆ గుర్తింపుతో ఏ బడిలోనూ సీటు రాదు. కేంద్రీయ విద్యాలయంలో 15 మంది లేదా అంతకు మించి విద్యార్థులు కోరితే మాతృభాష బోధనకు ఏర్పాటు చేయాలని ఆ సంస్థ విద్యా నియమావళి చెబుతోంది. కాబట్టి తెలుగు కోసం ఒక్కొక్కరు విడిగా అడిగే కన్నా నలుగురు కలిసి సంతకాలతో అడగడం మేలు.

కాగితమే బలం

ఇంగ్లండ్‌లో సీటు రాని పిల్లల తల్లిదండ్రులకు తిరస్కరణ ఉత్తరంతో పాటే అప్పీలు హక్కు వివరాలూ అందుతాయి. అప్పీలు వేయడానికి కనీసం 20 బడి దినాల గడువుంటుంది. స్వతంత్ర ప్యానెల్ విచారిస్తుంది, దాని తీర్పుకు బడి కట్టుబడాలి. మన దగ్గర అలాంటి ప్యానెల్ లేదు. అందుకే నోటిమాటగా వచ్చిన ‘లేదు’ను ముందు కాగితం మీదకు తేవాలి. దరఖాస్తుకు రసీదు అడగండి, కారణం రాసి ఇమ్మనండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఖాళీల సంఖ్య, వెయిటింగ్ లిస్టు, ప్రవేశాల జాబితా అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. అప్పీలు తేలేదాకా మాత్రం పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టకండి. దొరికిన బడిలో చేర్పించి పోరాడినా మీ హక్కు ఎక్కడికీ పోదు.