నాలుగు తీగల కథ

సావనీరు సంపాదకులు ఈసారి నన్ను కూడా ఏదైనా రాయమన్నారు. మన సంఘంలో కవిత్వం చెప్పేవారికి కొదవ లేదు. నాకు చేతనైంది సర్క్యూట్లు గీయడం ఒక్కటే. అందుకని విద్యుత్ నిరోధాన్ని కొలిచి అంకెల్లో చూపించే విద్య ఎలా పుట్టి పెరిగిందో చెబుతాను. మధ్యలో నా పరువు కొంత పోతుంది, ఫరవాలేదు.

1988లో సెలవులకి ఇండియా వెళ్తూ, తాడేపల్లిగూడెం దగ్గర రైసు మిల్లు ఉన్న మా బాబాయి కోసం ఒక డబ్బా తయారుచేసి పట్టుకెళ్లాను. ధాన్యం రాశి లోలోపల వేడెక్కితే గింజ పాడవుతుంది. అది కనిపెట్టడానికి బాబాయి రాశిలోకి ఇనప చువ్వ గుచ్చి, కాసేపాగి బయటికి లాగి, అరచేత్తో పట్టుకుని చూసేవాడు. నా ఏర్పాటులో రాశిలోకి ప్లాటినం తీగ ఉన్న సన్నటి గొట్టం వెళ్తుంది. అక్కడినుంచి ఆఫీసు గదిదాకా ముప్పై మీటర్ల రాగి తీగ. గదిలో డబ్బా మీద ఎర్రటి అంకెలు.

అంకెలు 37.5 డిగ్రీలన్నాయి. బాబాయి చువ్వ పట్టుకుని "చల్లగానే ఉందిరా" అన్నాడు. నేను అంకెల పక్షం వహించాను. చదువుకున్నవాడి మాట కాదనలేక ఆయన జట్టు కూలీలను పిలిపించి రాశంతా తిరగబోయించాడు. లోపల ధాన్యం నిక్షేపంలా ఉంది. రెండు రోజుల కూలి దండగ.

"మీ అమెరికా డబ్బాకి జొరం వచ్చింది గానీ, నా ధాన్యానికి రాలేదురా అబ్బాయ్!"

ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. మా ఇంటి బేస్‌మెంటులో ఐసు నీళ్లలో పెట్టి చూసినప్పుడు ఆ డబ్బా సరిగ్గా సున్నా చూపించింది మరి!

తప్పు ఎక్కడుందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1833లో ఇంగ్లండులోని ఊలిచ్ సైనిక విద్యాలయంలో లెక్కలు చెప్పే శామ్యూల్ హంటర్ క్రిస్టీ నాలుగు నిరోధాలను డైమండు ఆకారంలో కలిపి, ఒకదానితో ఒకటి పోల్చే ఉపాయం ప్రకటించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పదేళ్లకి, 1843లో, చార్లెస్ వీట్‌స్టన్ రాయల్ సొసైటీ ఉపన్యాసంలో దాన్ని వెలుగులోకి తెచ్చాడు. ఇది క్రిస్టీదేనని ఆయన నిజాయితీగానే చెప్పినా, లోకం మాత్రం "వీట్‌స్టన్ బ్రిడ్జి" అనే పిలిచింది. (ఈ వీట్‌స్టన్ సంగీత వాయిద్యాలు చేసే కుటుంబంవాడు. కన్సర్టీనా ఆయన సృష్టే.)

ఆ బ్రిడ్జిలో గొప్పతనం ఏమిటంటే, ముల్లు సున్నా దగ్గర నిలిచినప్పుడు మనకి తెలిసేది నిష్పత్తి. బ్యాటరీ నీరసించినా నిష్పత్తి మారదు. కొలత అంటే తెలిసినదానితో తెలియనిదాన్ని తూచడమే. మన కిరాణాకొట్టు తక్కెడ చేసే పని కూడా ఇదే.

తరవాతి కథ చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 1860లో రంగూన్-సింగపూర్ సముద్రపు టెలిగ్రాఫు కేబులు చుట్టలుగా పడి ఉన్నప్పుడు, లోపల వేడెక్కుతోందేమోనని విలియం సీమెన్స్ చుట్టల మధ్య తీగచుట్ట పెట్టి, దాని నిరోధం కొలిచి ఆ వేడిని పట్టుకున్నాడు. అచ్చంగా మా బాబాయి రాశి సమస్యే! 1871లో ఆయన ప్లాటినం థర్మామీటరును ప్రతిపాదించాడు. అది నిలకడగా లేదని తేలితే, 1887లో హ్యూ క్యాలెండర్ ప్లాటినాన్ని శుభ్రంగా, ఒత్తిడి లేకుండా చుట్టి నమ్మదగినదిగా చేశాడు. అంతేకాదు, థర్మామీటరుకి వెళ్లే తీగల పక్కనే అంతే పొడవున్న ఉత్త తీగలు నడిపి, తీగల నిరోధం కొలతలో కలవకుండా కొట్టివేశాడు.

నేను చెయ్యని పని సరిగ్గా అదే. నా గొట్టంలోని ప్లాటినం సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు. డిగ్రీకి పెరిగేది సుమారు 0.385 ఓములు మాత్రమే. పోనూ రానూ అరవై మీటర్ల సన్న రాగి తీగ దాదాపు 2.1 ఓములు. అంటే అయిదున్నర డిగ్రీల అబద్ధం! బేస్‌మెంటులో తీగ రెండడుగులే కాబట్టి నిజం బయటపడలేదు. పైగా మిల్లు ఆవరణలో ఎండకి తీగ ఇరవై డిగ్రీలు వేడెక్కితే ఇంకో అరడిగ్రీ దాకా కలుస్తుంది.

ఇక అంకెల సంగతి. అంకెల్లో చూపించే వోల్టుమీటరును 1950ల దశకం ఆరంభంలో కాలిఫోర్నియాలో ఆండ్రూ కే తయారుచేశాడు (తరవాత కేప్రో కంప్యూటరు చేసింది కూడా ఈయనే). అందులో రిలేలు టకటకమంటూ తెలిసిన వోల్టేజితో పోల్చి చూసేవి. నా డబ్బాలో ఉన్న ఇంటర్‌సిల్ వారి 7107 చిప్పు వేరే దారి పట్టింది. తెలియని ధారతో వెయ్యి లెక్కపెట్టేంతసేపు కుండ నింపి, తెలిసిన ధారతో ఖాళీ చేస్తూ ఎంతవరకు లెక్కపెట్టాలో చూస్తుంది. లెక్కపెట్టేవాడు నెమ్మదస్తుడైనా రెండుసార్లూ అంతే నెమ్మది కాబట్టి జవాబు చెడదు.

ఇక్కడా ఒక చిక్కుంది. ఆ వెయ్యి లెక్కకి నేను 83.3 మిల్లీసెకన్లు పెట్టాను. అమెరికా కరెంటుకి సరిగ్గా అయిదు ఆవృత్తులు, గీర కొట్టివేయబడుతుంది. ఇండియాలో సెకనుకి 50 ఆవృత్తులు. నాలుగు నిండి, అయిదోది మొదట్లోనే తెగిపోతుంది. చివరి అంకె చెంగుచెంగున గెంతడానికి కారణం అదీ. దాన్ని 100 మిల్లీసెకన్లు చేస్తే ఇక్కడ ఆరు, అక్కడ అయిదు. రెండు దేశాల్లోనూ కుదురుగా ఉంటుంది.

1991లో మళ్లీ వెళ్లాను. ఈసారి నాలుగు తీగలు. రెండు కరెంటు మోయడానికి, రెండు కేవలం చూడడానికి. చూసే తీగల్లో కరెంటు దాదాపు పారదు కనుక వాటి పొడవుతో పేచీ లేదు. ప్లాటినంలో పారే కరెంటునే ఒక నికరమైన నిరోధంలోంచి కూడా పంపి, ఆ రెంటి నిష్పత్తినే చిప్పు చేత చెప్పించాను. క్రిస్టీ గారి డైమండు చుట్టూ తిరిగి వచ్చినట్టే.

మిల్లు మోటారు వేశారు. లైట్లు మసకబారాయి. అంకె మాత్రం 31.8 దగ్గర కదల్లేదు. బాబాయి దాని వంక కాసేపు చూసి, లేచి వెళ్లి చువ్వ తెచ్చుకున్నాడు.