మెమ్‌క్యాష్‌డీ

డేటాబేసును తరచుగా అడగవలసివచ్చే సమాచారాన్ని సర్వరు ర్యామ్‌లో తాత్కాలికంగా నిలిపి, మళ్లీ కావలసినప్పుడు అక్కడి నుంచే అందించే ఈ సాఫ్ట్‌వేరును 2003లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ లైవ్‌జర్నల్ సైటు కోసం రూపొందించాడు. 2007లో బెంగళూరులో మొదలైన ఫ్లిప్‌కార్ట్ వంటి ఆన్‌లైన్ అంగళ్లలో, పెద్ద అమ్మకాల వేళ ఒకే వస్తువు పుటను అసంఖ్యాకులు ఒక్కసారిగా తెరుస్తారు గనుక, ఇటువంటి క్యాష్ వ్యవస్థ లేనిదే డేటాబేసు ఆ భారం మోయలేదు.

ఉబుంటులో దీని అమరికలన్నీ ఒకే చిన్న ఫైలులో ఉంటాయి. ముందుగా నిర్ణయించి ఉన్న 64 మెగాబైట్ల పరిమితి పెద్ద సైటుకు చాలదు. అలాగని ర్యామ్ మొత్తాన్ని దీనికే ఇస్తే సర్వరు స్వాప్‌కు, అంటే డిస్కునే ర్యామ్‌గా వాడుకునే స్థితికి జారి, క్యాష్ ఉద్దేశమే దెబ్బతింటుంది. సర్వీసు ఆగితే ర్యామ్‌లోనిదంతా చెరిగిపోతుంది కనుక అసలు ప్రతి డేటాబేసులో ఉండి తీరాలి.

అన్నిటికన్నా ముఖ్యం భద్రత. సాధారణ అమరికలో ఇది పాస్‌వర్డ్ అడగదు కాబట్టి, ఇది వాడే 11211 పోర్టును 127.0.0.1 అనే స్థానిక చిరునామాకో అంతర్గత నెట్‌వర్కుకో పరిమితం చేయాలి. ఈ జాగ్రత్త లేని సర్వర్లను ఆసరా చేసుకునే 2018 ఫిబ్రవరి 28న కోడ్ భద్రపరిచే సైటు గిట్‌హబ్‌పై సెకనుకు 1.35 టెరాబిట్ల డేటా వరదతో దాడి జరిగింది. ఆ రోజుల్లోనే వెలువడిన 1.5.6 వెర్షన్ నుంచి, ఆ దాడికి వాడుకున్న, పంపినవారి చిరునామాను సరిచూడని యూడీపీ మార్గం ముందే మూసి ఉంటోంది.